నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత పెట్రోల్ ట్రాక్టర్: లోపాన్ని పట్టుకోవడం ఎలా

20 నిమిషాలు బాగానే నడుస్తుంది. తర్వాత ఆగిపోతుంది. కాసేపు నీడలో కూర్చుని వచ్చి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మళ్లీ 20 నిమిషాలు. పాత పెట్రోల్ ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ఈ ఆట కొత్త కాదు. ఇలాంటప్పుడు చాలామంది ముందు కాయిల్ (ప్లగ్గుల నిప్పుకు కావాల్సిన కరెంటు పుట్టించే చుట్ట) మారుస్తారు. తగ్గకపోతే కండెన్సర్ (కాయిల్‌కు తోడుండే చిన్న విద్యుత్ భాగం), ఆ తర్వాత ప్లగ్గులు, చివరికి కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం). డబ్బాలో పాత సామాను పెరుగుతుంది, బండి మాత్రం ఆగుతూనే ఉంటుంది. నేనూ అలాగే చేశాను. మూడు కాయిళ్లు మార్చాక తేలింది: ట్యాంకు అడుగున రేకులా లేచిన తుప్పు ముక్క ఒకటి పెట్రోల్ దిగే రంధ్రం మీదికి వచ్చి కూర్చుంటోంది. ఇంజన్ ఆగి, కార్బురేటర్ గిన్నె మెల్లగా నిండి పారకం నిలిచిపోగానే ఆ ముక్క పక్కకు జరుగుతుంది. బండి మళ్లీ మామూలే.

ఈ లోపంలో చిక్కంతా అక్కడే ఉంది. మీరు పానా పట్టుకుని వెళ్లేసరికి అది మాయమవుతుంది. కాయిల్ చల్లబడుతుంది, కార్బురేటర్ గిన్నె నిండుతుంది, వేడికి బిగుసుకున్నవి వదులవుతాయి. చల్లటి ఇంజన్ మీద ఎన్ని పరీక్షలు చేసినా అన్నీ పాస్. అందుకే ఆగిన తర్వాత మొదటి రెండు మూడు నిమిషాలే మీకు పనికొచ్చే సమయం. ఆలోపు రెండు సంగతులు తెలియాలి. ప్లగ్గుకు స్పార్క్ వస్తోందా? కార్బురేటర్‌కు పెట్రోల్ అందుతోందా? మిగతా పనంతా తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

నేను చెప్పేది ఫోర్డ్ 9ఎన్, 2ఎన్, 8ఎన్, ఫెర్గూసన్ టీఈ20, ఫార్మాల్ హెచ్ లాంటి బళ్లను దృష్టిలో పెట్టుకుని. 1939 నుంచి 1950ల నడిమి దాకా తయారైన ఈ ట్రాక్టర్ల అమరిక దాదాపు ఒకటే. నాలుగు సిలిండర్లు, పాయింట్లతో (తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటును తెంపే చిన్న స్విచ్) పనిచేసే ఇగ్నిషన్, పైనున్న ట్యాంకు నుంచి తన బరువుతో తానే దిగే పెట్రోల్. పెట్రోల్ పంపు ఉండదు. ఆ ఒక్క సంగతి గుర్తుంటే సగం తప్పులు చేయకుండా తప్పించుకుంటారు.

మొదలుపెట్టే ముందు

ఇంజన్ వేడి మీద ఉండగా పెట్రోల్ విప్పాలి, స్పార్క్ కూడా చూడాలి. ఈ రెండూ పక్కపక్కన ఉండకూడని పనులు. కాబట్టి వరుస మార్చకండి: ముందు స్పార్క్, తర్వాత పెట్రోల్. పట్టిన పెట్రోల్‌ను దూరంగా పెట్టి, కారిన చోట తుడిచి, ఆవిరి పోయేదాకా ఆగి గానీ మళ్లీ కీ ఆన్ చేయవద్దు. పని ఆరుబయట చేయండి, మూసిన షెడ్డులో ఇంజన్ పొగ ప్రాణాంతకం. గేరు న్యూట్రల్‌లో, పీటీవో (పనిముట్లను తిప్పే షాఫ్టు) ఆఫ్‌లో ఉండాలి. చక్రాలకు దిమ్మలు పెట్టండి. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచుకోండి. వదులు చొక్కా, మెడలో తువ్వాలు ఫ్యాన్ దగ్గరికి తీసుకెళ్లవద్దు. కార్బురేటర్ నోట్లో పెట్రోల్ పోస్తూ సెల్ఫ్ కొట్టడం చాలామందికి అలవాటు. ఎదురు పేలితే మంట నేరుగా పోసే చేతి మీదికే వస్తుంది. ఆ పని వద్దు.

ఇప్పుడు సామాను. ఒక స్పార్క్ టెస్టర్, అది లేకపోతే ఖాళీని 6 మి.మీ. దాకా విప్పిన పాత ప్లగ్గు. మూత ఉన్న అర లీటరు గాజు సీసా. కార్బురేటర్ అడుగునున్న డ్రెయిన్ ప్లగ్గుకు సరిపోయే పానా. రెండు చివరలా క్లిప్పులున్న వైరు ఒకటి, మల్టీమీటర్, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు). పానా సరిపోతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. డ్రెయిన్ ప్లగ్గు ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంటే ఇంజన్ చల్లగా ఉండగానే ఒకసారి వదులు చేసి, మళ్లీ కారకుండా బిగించండి. బండి ఆగాక దానితో కుస్తీ పడితే ఉన్న రెండు నిమిషాలూ అక్కడే అయిపోతాయి.

ఏమీ విప్పకుండా ఐదు నిమిషాలు చూడండి

ట్యాంకులో పెట్రోల్ ఎంతుంది? నవ్వకండి. 8ఎన్ లాంటి వాటిలో ట్యాంకు కింది వాల్వును రెండు చుట్లు తెరిస్తే మామూలు పెట్రోల్ వస్తుంది, పూర్తిగా తెరిస్తేనే రిజర్వు దిగుతుంది. ట్యాంకులో పెట్రోల్ కనిపిస్తూనే ఉంటుంది, ఇంజన్‌కు మాత్రం అందదు.

ట్యాంకు మూతకు గాలి రంధ్రం ఉంటుంది. దుమ్ము, రంగు, కందిరీగ మట్టి, ఏదో ఒకటి దాన్ని మూసేస్తుంది. గాలి లోపలికి రాకపోతే పెట్రోల్ కిందికి దిగదు. బండి ఆగిన వెంటనే మూత తిప్పితే ‘సుయ్’ మని గాలి పీల్చిన చప్పుడు వచ్చిందంటే దొంగ అక్కడే దొరికినట్టు.

బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు, కాయిల్ మీది నట్లు చేత్తో కదిపి చూడండి. ఎయిర్ క్లీనర్ గొట్టంలో ఎలుక గూడు ఉందేమో, నూనె గిన్నెలో నూనె గీత దాటి పోశారేమో చూడండి. చోక్ కేబుల్ వెనక్కి తోసినప్పుడు లోపల గాలి దారిని మూసే చోక్ రెక్క నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా? కేబుల్ కదులుతుంది, రెక్క మాత్రం సగంలోనే ఉండిపోతుంది. ఇది నేను అనుకున్నదానికంటే ఎక్కువసార్లు చూశాను.

కావాలని ఆగనివ్వండి, ఆగే తీరు వినండి

ఇప్పుడు బండి స్టార్ట్ చేసి, మామూలుగా ఎలాంటి పనిలో ఆగుతుందో అలాంటి పనే ఇవ్వండి. టైమ్ రాసుకోండి. ఆగేటప్పుడు వినిపించే తీరులోనే సగం సమాధానం ఉంటుంది.

కీ తిప్పి ఆపినట్టు ఒక్కసారిగా, చప్పుడు తెగిపోయినట్టు ఆగితే అనుమానం కరెంటు మీద. ముందు కాస్త నీరసించి, దగ్గి, పుంజుకుని, మళ్లీ నీరసించి, కార్బురేటర్‌లోంచి ఒకటి రెండుసార్లు టప్ మని ఎదురు పేలి ఆగితే అనుమానం పెట్రోల్ మీద. నల్లటి పొగ వదులుతూ, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఆగితే పెట్రోల్ ఎక్కువైంది. ఇవి కొండగుర్తులే, తీర్పులు కావు. తెగే ముందు వదులు వైరు కూడా దగ్గినట్టు చేయగలదు.

నీరసించడం మొదలవగానే చోక్ సగం లాగండి. ఇంజన్ పుంజుకుంటే అది ఆకలితో ఉంది, అంటే పెట్రోల్ తక్కువగా అందుతోంది లేదా ఎక్కడినుంచో దొంగగాలి పీలుస్తోంది. చోక్ లాగితే ఇంకా త్వరగా చచ్చిపోతే పెట్రోల్ ఎక్కువైనా అయి ఉండాలి, స్పార్క్ బలహీనమైనా అయి ఉండాలి. ఖర్చు లేని పరీక్షల్లో దీనికి మించినది నాకు తెలియదు.

ఆగింది. ఇప్పుడు టెన్షన్ పడకుండా దిగండి. బాగా వేడెక్కిన ఇంజన్ రేడియేటర్ మూత మాత్రం తీయవద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ బిగుసుకుపోయినట్టు భారంగా తిరుగుతుంటే ఇక్కడితో ఆపండి. అది ఓవర్‌హీట్ సంగతి. నీళ్లు, బెల్టు, రేడియేటర్ వైపు వెళ్లాలి.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే భాగం) మధ్యకు వెళ్లే లావు వైరు ఉన్న బండి అయితే ఆ వైరును పీకి టెస్టర్‌కు తగిలించి, టెస్టర్‌ను ఇంజన్ ఇనుముకు ఆనించి, వేరేవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. కాయిల్ డిస్ట్రిబ్యూటర్ మీదే కూర్చునే బళ్లలో ప్లగ్గు వైరు దగ్గరే చూడాలి. 6 మి.మీ. ఖాళీని నీలం తెలుపు నిప్పు చిటుక్కుమంటూ దాటితే ఇగ్నిషన్ బాగుంది. పసుపు రంగులో సన్నగా ఊగుతూ ఉన్నా, అసలు రాకపోయినా దారి తెలిసినట్టే. చూడగానే కీ ఆఫ్ చేయండి. ఇంజన్ ఆగి ఉండగా కీ ఆన్‌లో వదిలేస్తే, పాయింట్లు మూసుకుని ఉన్న చోట ఆగిందంటే కాయిల్ ఊరికే కాలుతుంది. మంచి కాయిళ్లు చాలా ఇలాగే పోతాయి.

వెంటనే కార్బురేటర్ అడుగు ప్లగ్గు విప్పి సీసా పట్టండి. మొదట గిన్నెలోని పెట్రోల్ బొళ్లున వస్తుంది. దాన్ని చూసి మోసపోవద్దు. ఆ తర్వాత ధార ఆగకుండా వస్తోందా అన్నదే ముఖ్యం. 2 నిమిషాల లోపు దాదాపు అర లీటరు నిండాలి. గిన్నె మొదట్లోనే ఖాళీగా ఉంటే ఇంజన్ పెట్రోల్ లేకే ఆగింది, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

స్పార్క్ లేకపోతే

కాయిల్ కొనడానికి వెళ్లకండి. ముందు కాయిల్‌కు కరెంటు వస్తోందా చూడండి. మీటరు ఒక కొసను ఇంజన్ ఇనుముకు, ఇంకోదాన్ని కీ నుంచి కాయిల్‌కు వచ్చే టెర్మినల్‌కు పెట్టండి. పాయింట్లు తెరుచుకుని ఉన్నప్పుడు దాదాపు బ్యాటరీ వోల్టేజీ కనిపించాలి. ఏమీ లేకపోతే తప్పు కాయిల్‌ది కాదు, దానికి వచ్చే దారిది. కీ స్విచ్, అమ్మీటర్ వెనక నట్లు, కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే రెసిస్టర్, మధ్యలో ఎవరో ఎప్పుడో టేపు చుట్టిన అతుకు. పాత కీ స్విచ్‌లు వేడికీ అదురుకీ లోపల వదలడం చాలా మామూలు. క్లిప్పుల వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్‌కు కరెంటిచ్చి స్టార్ట్ చేయండి. బండి బతికితే లోపం ఆ దారిలో ఉన్నట్టే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పాత బళ్లలో చాలావాటికి 6 వోల్టుల బ్యాటరీ, పాజిటివ్ ఎర్త్. అంటే ఇంజన్‌కు కలిపింది పాజిటివ్, కరెంటు వైరు నెగటివ్. కారు అలవాటుతో పాజిటివ్ నుంచి వైరు లాగితే పని జరగదు. రెండోది, రెసిస్టర్ ఉండాల్సిన బండికి నేరుగా ఇచ్చిన కరెంటు పరీక్ష వరకే. ఎక్కువసేపు ఉంచితే కాయిల్, పాయింట్లు కాలతాయి. ఇలా స్టార్ట్ చేసిన ఇంజన్ కీ ఆఫ్ చేస్తే ఆగదని కూడా గుర్తుంచుకోండి, క్లిప్పు పీకాల్సిందే.

కాయిల్ దాకా కరెంటు వస్తే తర్వాత పాయింట్లు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చూడండి. 8ఎన్‌లో డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ ముందు భాగాన ఉన్న రకానికి పాయింట్ల ఖాళీ 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. పక్కన ఉన్న రకానికి 0.025 అంగుళం, 0.64 మి.మీ. మీ బండి వేరైతే దాని మాన్యువల్ అంకె చూడండి, అందాజాగా పెట్టవద్దు. క్యామ్ మీద రుద్దుకునే చిన్న దిమ్మ అరిగే కొద్దీ ఈ ఖాళీ తగ్గుతూ పోతుంది, టైమింగ్ వెనకబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఖాళీ మరీ తగ్గితే వేడి మీద పాయింట్లు సరిగ్గా విడిపోవు, బండి ఆగుతుంది. దిమ్మకు కాస్త గ్రీజు రాయకపోవడమే దీనికి మూలం. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును పక్కకు ఊపి చూడండి. చేతికి ఆట తెలిసేంత వదులుంటే పాయింట్లు ఎన్నిసార్లు సరిచేసినా నిలవవు.

పాయింట్ల ముఖాలు చూస్తే కండెన్సర్ ఆరోగ్యం తెలుస్తుంది. ఒకదాని మీద గుట్ట, రెండోదాని మీద గుంట బాగా పడి, నల్లగా కాలి ఉంటే కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. వేడికి లోపల తెగి, చల్లబడ్డాక కలిసే కండెన్సర్లు ఉంటాయి. కొత్తది వేసినా పాతదాన్ని వెంటనే పారేయకండి. కొత్త కండెన్సర్ పెట్టెలోంచే చెడిపోయి రావడం నాకు రెండుసార్లు జరిగింది. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా సన్నని నూనె పొర రాసి ఉంటుంది. శుభ్రమైన మందపాటి కాగితం ముక్క వాటి మధ్య పెట్టి లాగండి. ఆ పొర పోక స్పార్క్ రాలేదని కొత్త పాయింట్లను తిట్టినవాళ్లున్నారు.

ఇక కాయిల్. దీని మీద అనుమానం వచ్చేది ఎప్పుడంటే, కరెంటు వస్తోంది, పాయింట్లు బాగున్నాయి, కండెన్సర్ మార్చారు, అయినా వేడి మీద స్పార్క్ లేదు, చల్లబడితే వస్తోంది. కాయిల్ లోపలి ఇన్సులేషన్ వేడికి వదిలేస్తే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. చల్లటి కాయిల్‌ను మీటరుతో కొలిస్తే అంకెలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, కాబట్టి ఆ కొలతను నమ్మి వదిలేయకండి. వేడి మీద కొలవండి. అన్నిటికన్నా నికరమైన పద్ధతి, బండి ఆగగానే పక్కన చల్లగా పెట్టుకున్న మంచి కాయిల్‌కు వైర్లు మార్చి చూడటం. వెంటనే స్టార్ట్ అయితే అనుమానం తీరుతుంది.

6 వోల్టుల బండిని 12కు మార్పించి ఉంటే ఇంకో మాట. 12 వోల్టులకు నేరుగా వాడే కాయిల్ లోపలి రెసిస్టెన్స్ దాదాపు 3 ఓమ్స్ ఉంటుంది. బయట రెసిస్టర్‌తో వాడేది దాదాపు 1.5. బ్యాటరీ, ఆల్టర్నేటర్ మార్చి, పాత 6 వోల్టుల కాయిల్ అలాగే ఉంచి, రెసిస్టర్ మరిచిపోయిన బళ్లు ఎన్నో. అలాంటి బండికి ఎన్ని కాయిళ్లు వేసినా అన్నీ అరగంట బాపతే.

మ్యాగ్నెటో (స్పార్క్‌కు కావాల్సిన కరెంటును తానే పుట్టించే యంత్రం) ఉన్న బళ్లలో లెక్క తిరగబడుతుంది. వాటికి స్పార్క్ కోసం బ్యాటరీ అక్కర్లేదు, ఇంజన్ ఆపాలంటే మ్యాగ్నెటోను ఎర్త్ చేయాలి. ఆ ఆపే వైరు తోలు ఊడి ఎక్కడైనా ఇనుముకు తగిలితే బండి దానంతటదే ఆగిపోతుంది. ఆ వైరు మ్యాగ్నెటో దగ్గర విప్పి నడిపి చూడండి. ఆగడం మానేస్తే పని తేలిక, వైరు మార్చడమే. అది విప్పి ఉన్నంతసేపు ఇంజన్ ఆపాలంటే పెట్రోల్ వాల్వు కట్టేయాలి.

స్పార్క్ ఉంది, పెట్రోల్ లేదు

ఇది తేలిగ్గా దొరికే లోపం, నీళ్ల పైపులో అడ్డు వెతికినట్టే. కింది నుంచి పైకి ఒక్కో అడుగు వెళ్లండి. ముందు ట్యాంకు మూత వదులు చేసి ధార చూడండి. ధార పుంజుకుంటే మూత శుభ్రం చేస్తే చాలు. లేకపోతే కార్బురేటర్ దగ్గర పైపు విప్పి సీసా పట్టండి. ఇక్కడ బాగా వస్తూ, డ్రెయిన్ దగ్గర రాకపోతే అడ్డు కార్బురేటర్ లోపలికి వెళ్లే మెడలోనో ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండగానే తేలే ఫ్లోట్ పైకి తోసి దారి మూసే సూది) దగ్గరో ఉంది. ఇక్కడా రాకపోతే ఇంకా పైకి వెళ్లాలి.

ఫోర్డ్ ఎన్ రకాల్లో జల్లెడలు మూడు చోట్ల ఉంటాయి. ట్యాంకులోకి నిలబడే గొట్టానికి ఒకటి, ట్యాంకు కిందుండే గాజు గిన్నె పైన ఒకటి, కార్బురేటర్ మెడలో ఒకటి. చివరిది చాలామందికి తెలియదు. మెడ విప్పితే దానికే అంటుకుని బయటికి వస్తుంది, వేలి గోరంత ఉంటుంది. అది నలకలతో నిండితే మిగతా రెండూ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. కొందరు మధ్యలో ప్లాస్టిక్ ఫిల్టర్ పెడతారు. పంపు తోసే బళ్ల కోసం చేసిన ఫిల్టర్‌లోంచి, తన బరువుతో దిగే పెట్రోల్ చాలినంత పోదు. పెట్టి ఉంటే తీసేసి చూడండి.

సీసాలో పట్టిన పెట్రోల్‌ను కదపకుండా ఓ పావుగంట ఉంచండి. అడుగున గోళీల్లా జారే బొట్లు ఉంటే నీళ్లు. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీలుస్తుంది, పాత ట్యాంకు గోడలకు పట్టిన జిగురును కరిగించి కిందికి తెస్తుంది. పాత రబ్బరు పైపుల లోపలి పొరను ఉబ్బించి దారి మూసేస్తుంది కూడా. పైకి పైపు కొత్తదిలా ఉంటుంది, లోపల పుల్ల దూరే సందు కూడా ఉండదు. బెండు ఫ్లోట్ ఉన్న కార్బురేటర్లలో దాని మీది లక్క పూత ఇథనాల్‌కు కరుగుతుంది, ఫ్లోట్ పెట్రోల్ తాగి బరువెక్కుతుంది. దాంతో పెట్రోల్ తక్కువవదు, పొంగుతుంది.

ట్యాంకులో తుప్పు ఎక్కువగా ఉంటే జల్లెడలు శుభ్రం చేయడం వారం రోజుల ముచ్చటే. ట్యాంకు దించి కడగక తప్పదు. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టే ఆలోచన మాత్రం ఎవరైనా చెప్పినా వినకండి. మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

‘పెట్రోల్ ఆవిరై పైపులో గాలి పట్టింది’ అనే మాట తరచూ వింటాం. అది జరుగుతుంది, కానీ చెప్పుకునేంత ఎక్కువగా కాదు. పైపు సైలెన్సర్ మానిఫోల్డుకు ఆనుకుని పోతున్నా, పొడవైన రబ్బరు పైపు మధ్యలో పైకి లేచి వంపు తిరిగినా దాన్ని అనుమానించండి. ఆ వంపులో చేరిన ఆవిరిని తోసే పంపు ఇక్కడ లేదు కదా. పైపును వేడికి దూరంగా, పైనుంచి కిందికి వాలుగా మాత్రమే పోయేలా పెట్టండి.

రెండూ ఉన్నా ఆగుతుంటే

ఇక్కడే ఓపిక కావాలి. ఒక ప్లగ్గు విప్పి చూడండి. మసిబారి తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. ఫ్లోట్ నీడిల్ కింద నలక, మునిగిన ఫ్లోట్, తెరుచుకోని చోక్. ప్లగ్గు తెల్లగా ఎండిపోయి ఉంటే దొంగగాలి వెతకండి. కార్బురేటర్‌కూ మానిఫోల్డుకూ మధ్య గాస్కెట్, మానిఫోల్డుకూ ఇంజన్‌కూ మధ్య గాస్కెట్, థ్రాటిల్ షాఫ్టు అరిగిన రంధ్రాలు. ఇంజన్ అప్పుడే స్టార్ట్ చేసి ఇంకా గోరువెచ్చగా ఉండగా ఆ అతుకుల మీద నీళ్లు సన్నగా చిమ్మండి. చప్పుడు మారిన చోట గాలి పీలుస్తోంది. బాగా వేడెక్కిన మానిఫోల్డు మీద చల్లటి నీళ్లు చిమ్మితే పోత ఇనుము పగులుతుంది. మండే స్ప్రేలతో ఈ పరీక్ష చేయడం నాకు ఇష్టం లేదు, ఎర్రగా కాలే ఇనుము పక్కనే ఉంటుంది.

స్పార్క్, పెట్రోల్ రెండూ బాగుండి, వేడి మీద స్టార్ట్ కాక, పూర్తిగా చల్లబడ్డాకే స్టార్ట్ అయితే కంప్రెషన్ చూడండి. వాల్వుల ఖాళీ తక్కువగా పెట్టి ఉంటే వేడికి వాల్వు కాడ సాగి పూర్తిగా మూసుకోదు. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, వేడి మీద ఒకసారి, చల్లగా ఒకసారి గేజ్ పెట్టండి. అంకె ఎంత అన్నదానికన్నా నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం.

స్లోలో మాత్రమే ఆగితే, లోడులో మాత్రమే ఆగితే

రేస్ ఉన్నంతసేపు బాగుండి, స్లోకు రాగానే ఆగే బండికి పైన చెప్పిన తంతు అంతా అక్కర్లేదు. కార్బురేటర్ ఐడిల్ దారి (స్లోలో పెట్రోల్ అందే సన్నని దారి) మూసుకుని ఉంటుంది లేదా స్క్రూ తప్పు చోట ఉంటుంది. పాత ట్రాక్టర్ కార్బురేటర్లలో, ఉదాహరణకు మార్వెల్ షెబ్లర్ టీఎస్ఎక్స్ రకాల్లో, ఐడిల్ స్క్రూ గాలిని కొలుస్తుంది. లోపలికి తిప్పితే పెట్రోల్ వాటా పెరుగుతుంది. కారు కార్బురేటర్లు చూసినవాళ్లు ఇక్కడ ఎదురు తిప్పి గంటలు పోగొట్టుకుంటారు. మెల్లగా ఆనే దాకా లోపలికి తిప్పి, ఒకటి ఒకటిన్నర చుట్లు వెనక్కి తీసి మొదలుపెట్టండి. ఏ స్క్రూనైనా సీటు మీద గట్టిగా బిగించవద్దు. కొనకు గాడి పడితే అది ఇక ఎప్పటికీ సరిగ్గా కొలవదు.

స్లోలో బాగుండి, లోడు పడగానే చతికిలబడితే మెయిన్ జెట్, తక్కువగా ఉన్న ఫ్లోట్ మట్టం, ట్యాంకు నుంచి వచ్చే ధార చూడండి. ఆ తర్వాత గవర్నర్ కడ్డీ. లోడు పడినప్పుడు థ్రాటిల్ తెరవాల్సింది అదే. కీలు బిగుసుకుపోయినా, స్ప్రింగు సాగిపోయినా తెరవదు. ఇంజన్ ఆపి చేత్తో కదిపి చూడండి, ఎక్కడా పట్టకుండా జారాలి.

బాగు చేశాక

ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు వస్తువులు ఒకేసారి మారిస్తే బండి బాగయినా ఏది చెడిందో తెలియదు, మళ్లీ ఆగిన రోజు మొదటికి వస్తారు. మార్చాక 5 నిమిషాలు నడిపి సంబరపడవద్దు. ముందు 20 నిమిషాలకు ఆగేదైతే ఇప్పుడు కనీసం గంట, అదే లోడు మీద నడపండి. ఎండకు ఆగే బండిని చల్లటి పొద్దున పరీక్షిస్తే ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

గంట నడిచాక లోడు మీద ఉండగానే ఇంజన్ ఆపి, చల్లారాక ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే మిశ్రమం సరిగ్గా ఉంది. క్లిప్పుల వైరు, సీసా, స్పార్క్ టెస్టర్ మాత్రం ఇంకో నెల రోజులు ట్రాక్టర్ టూల్ బాక్సులోనే ఉంచండి.